లోగా, దాకా, నుంచి: ఇంగ్లిష్ మాటల తేడాలకి తెలుగులోనే ఆనవాళ్ళు

శ్రీకాకుళం వెళ్ళే రైలు ప్రయాణికులు దిగాల్సింది ఆమదాలవలసలో. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. ఆ స్టేషన్‌కి చుట్టాన్ని తీసుకురావడానికి బండి మీద బయల్దేరిన కుర్రాడు ఫోన్‌లో 'ఐ విల్ బీ ఎట్ ది స్టేషన్ టిల్ సిక్స్' అని మెసేజ్ పెట్టాడనుకుందాం. అతని మనసులో ఉన్నది 'ఆరింటికల్లా అక్కడ ఉంటాను' అని. రాసింది మాత్రం 'ఆరింటిదాకా ఉంటాను' అని. ఆ తర్వాత ఉండడన్నమాట. రైలు ఓ పావుగంట లేటైతే, దిగిన చుట్టం ఆ మెసేజ్ చూసుకుని ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోతాడు. 'టిల్' బదులు 'బై' అని ఉంటే ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళు.

ఇదే కుర్రాడు తెలుగులో ఈ పొరపాటు జన్మలో చెయ్యడు. 'ఆరింటిదాకా స్టేషన్‌కి చేరుకుంటాను' అని తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ అనరు. 'కల్లా', 'లోగా' అంటే ఆ గడువు దాటకుండా ఒక్కసారి జరిగిపోయే పని. 'దాకా', 'వరకు' అంటే అప్పటిదాకా సాగుతూనే ఉండే పని. ఇంగ్లిష్‌లో 'బై'కీ 'టిల్'కీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. పదిహేనో తేదీలోగా అప్లికేషన్ ఇవ్వాలి అంటే 'బై'. పదిహేనో తేదీ వరకు తీసుకుంటూ ఉంటారు అంటే 'టిల్'. తేడా తెలియకపోవడం ఇక్కడ సమస్యే కాదు. అది నోట్లోనే ఉంది. ఇంగ్లిష్ రాసేటప్పుడు దాన్ని వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇంగ్లిష్‌లో దగ్గరిదగ్గరి మాటల తేడాలు మన పిల్లలకి సాధారణంగా జంటల పట్టికగా వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకీ, సచివాలయం ఉద్యోగాలకీ చదివేవాళ్ళ నోటుబుక్కుల్లో ఈ పట్టికలు పేజీలకి పేజీలు కనిపిస్తాయి. ఎడమవైపు ఒక మాట, కుడివైపు దాని తెలుగు అర్థం. 'సీ' అంటే చూడు, 'లుక్' అంటే చూడు, 'వాచ్' అంటే చూడు. అర్థం మూడుసార్లూ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ దొరుకుతుంది? బట్టీ పట్టినవాడు పరీక్షలో గెలవచ్చు గానీ మాట్లాడాల్సి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. తప్పు చదివేవాడిది కాదు, పట్టిక పద్ధతిది. విడి మాటకి విడి మాట పెట్టేసరికి, తెలుగు తన తేడాలన్నీ దాచుకునే చోటు, అంటే క్రియ రూపం, విభక్తి, మాట చివర అతుక్కునే చిన్న ముక్క, మొత్తంగా కనబడకుండా పోతుంది.

ఫోన్ మాట్లాడేటప్పుడు చూడండి. వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్ళే మత్స్యకారులు శ్రీకాకుళం తీరంలో ఎందరో ఉన్నారు. అక్కణ్ణుంచి ఇంటికి చేసిన ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేకపోతే వచ్చే ప్రశ్న 'ఇనపడతందేటి?' అని. సిగ్నల్ బాగానే ఉండి అవతలి మనిషి పరధ్యానంగా ఉంటే వచ్చే ప్రశ్న 'ఇంటన్నావేటి?' అని. మొదటిది చెవికి సంబంధించింది, రెండోది మనసుకి సంబంధించింది. ఇంగ్లిష్‌లో మొదటిది 'కెన్ యూ హియర్ మీ', రెండోది 'ఆర్ యూ లిజనింగ్'. వినబడడం 'హియర్', చెవి పెట్టి వినడం 'లిజన్'. ఒకటి దానంతట అది వచ్చి చెవిన పడుతుంది, ఇంకోటి మనిషి పూనుకుని చేస్తాడు. తెలుగులో మొదటిదానికి 'నాకు' అనే మాట వస్తుంది, రెండోదానికి 'నేను' వస్తుంది. నాకు వినబడింది, నేను విన్నాను. ఈ 'నాకు, నేను' పరీక్ష పెడితే 'సీ, లుక్' జంట కూడా విడిపోతుంది. నాకు కనబడింది అంటే 'సీ'. నేను అటువైపు చూశాను అంటే 'లుక్'. ఇక 'వాచ్' అంటే కదిలేదాన్ని, మారేదాన్ని చూస్తూ ఉండడం: క్రికెట్ మ్యాచ్, పొయ్యి మీద పాలు, చేలో కాపలా. 'చూస్తూ' అనే మాట వచ్చిందంటే చాలాసార్లు 'వాచ్' సరిపోతుంది. అన్నిచోట్లా ఇది పొల్లుపోకుండా సరిపోదు. సినిమా 'చూశాను' అన్నప్పుడు ఇంగ్లిష్‌లో 'సీ', 'వాచ్' రెండూ చెల్లుతాయి. అయినా నూటికి తొంభైసార్లు దారి చూపించే పరీక్షని, మిగతా పదిసార్లు తప్పుతుందని వదులుకోవాల్సిన పనిలేదు.

'సే, టెల్' సంగతీ అంతే. 'హి సెడ్ మీ' అనేది మన దగ్గర తరచూ వినబడే తప్పు. పట్టికలో రెండింటికీ 'చెప్పు' అని రాసి ఉండడమే దానికి కారణం. తెలుగులో 'అను', 'చెప్పు' అని రెండు క్రియలున్నాయి. 'రాను అన్నాడు' అంటే నోటి నుంచి వచ్చిన మాట ముఖ్యం. 'రానని నాకు చెప్పాడు' అంటే ఆ మాట ఎవరికి చేరిందన్నది ముఖ్యం. 'అను' దాదాపుగా 'సే', 'చెప్పు' దాదాపుగా 'టెల్'. అందుకే 'టెల్' పక్కన వినేమనిషి ఉండి తీరాలన్నట్టు ఇంగ్లిష్ పట్టుబడుతుంది: 'హి టోల్డ్ మీ'. 'సే'కి ఆ మనిషి అక్కర్లేదు, తేవాలంటే మధ్యలో 'టు' పెట్టాలి. కథలు, అబద్ధాలు, నిజాలు చెప్పడానికి 'టెల్' వస్తుంది. తెలుగులోనూ కథ 'అనడం' లేదు కదా, చెప్పడమే.

ఈ ప్రాంతంలో భాష గురించి మాట్లాడుతూ గిడుగు రామమూర్తి పంతుల్ని తలుచుకోకుండా ఉండడం కష్టం. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన ఆయన సవర భాష నేర్చుకున్నది సవర మనుషుల నోటి నుంచే. తర్వాత ఆ భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. జనం నోట్లో ఉన్న భాషే భాష అని ఆయన చేసిన వాదన తెలుగు రాత కోసం చేసినదే గానీ, పరాయి భాష నేర్చుకోవడానికీ అది పనికొస్తుంది. పుస్తకాల తెలుగులో వెతికితే 'హియర్'కి 'శ్రవణం' దొరుకుతుంది, 'లిజన్'కీ 'శ్రవణం' దొరుకుతుంది. ఇంట్లో తెలుగులో వెతికితేనే 'ఇనపడ్డం', 'ఇనడం' అని రెండు దొరుకుతాయి.

ఆస్పత్రిలో రాసే ఇంగ్లిష్‌లో తేడా ఇంకాస్త సూక్ష్మంగా ఉంటుంది. 'ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అని మన దగ్గర చీటీల మీద తరచూ కనిపిస్తుంది. 'సిన్స్' మొదలైన చోటుని చూపిస్తుంది: ఆదివారం, పొద్దున్న, సంక్రాంతి. 'ఫర్' పొడవుని చూపిస్తుంది: మూడు రోజులు, రెండు గంటలు. తెలుగు 'నుంచి' రెండింటికీ చెల్లుతుంది. ఆదివారం నుంచి జ్వరం, మూడు రోజుల నుంచి జ్వరం. ఇక్కడ మాత్రం తెలుగు నిజంగానే రెండు ఇంగ్లిష్ మాటల్ని ఒక్క ముక్కలో కలిపేసింది. 'ఎప్పుడు?' అన్న ప్రశ్నకి జవాబైతే 'సిన్స్', 'ఎంతసేపు, ఎన్నాళ్ళు?' అన్న ప్రశ్నకి జవాబైతే 'ఫర్' అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

అయితే ఆ 'నుంచి' మోసే బరువు అంతకంటే ఎక్కువ. 'మూడు రోజులు జ్వరం వచ్చింది' అంటే వచ్చి తగ్గింది. 'మూడు రోజుల నుంచి జ్వరం' అంటే ఇప్పటికీ ఉంది. ఇంకా ఉందన్న సంగతిని తెలుగు 'నుంచి'లో పెట్టింది. ఇంగ్లిష్ దాన్ని క్రియలోకి మార్చేసింది. 'ఐ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్' అంటే తగ్గిపోయిన జ్వరం. 'ఐ హావ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్' అంటే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు కూడా ఒళ్ళు కాలుతోందని. ఒక్క 'హావ్' పోతే రోగం నయమైపోయినట్టు వినబడుతుంది. కాబట్టి 'నుంచి' అని నోటికొచ్చిన ప్రతిసారీ ఇంగ్లిష్ వాక్యంలో 'హావ్' ఉందా లేదా అని ఒకసారి చూసుకోవాలి.

ఆస్పత్రి మాట వచ్చింది కాబట్టి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం గురించి చెప్పుకోవాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఎన్నో కుటుంబాలకి 'క్రానిక్', 'అక్యూట్' అనేవి పరీక్షకి చదివే మాటలు కావు, రిపోర్టు మీద కనబడే మాటలు. 'అక్యూట్' అంటే 'తీవ్రమైన' అని చాలా నిఘంటువుల్లో ఉంటుంది, పేపర్లూ అలాగే రాస్తాయి. ఆ అనువాదంతో పెద్ద చిక్కొచ్చి పడింది. వైద్యంలో 'అక్యూట్' అంటే ఉన్నట్టుండి వచ్చింది. 'క్రానిక్' అంటే చాలాకాలంగా పాతుకుని ఉన్నది. కిడ్నీ విషయంలో దెబ్బతిన్న గుర్తులు మూడు నెలలకి మించి కనిపిస్తే 'క్రానిక్' అంటారు. జబ్బు ఎంత గట్టిది అన్నదానికి వేరే మాట ఉంది, 'సివియర్'. ఒకటి కాలాన్ని కొలుస్తుంది, రెండోది బరువుని కొలుస్తుంది. 'అక్యూట్' అని చూసి ఇక ఆశ లేదని గుండె జారిపోయేవాళ్ళుంటారు. నిజానికి ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీ సకాలంలో వైద్యం అందితే కోలుకునే అవకాశం ఉంటుంది. 'క్రానిక్' మొదటి దశల్లో ఏ బాధా తెలియకపోవచ్చు, అందుకే మందులు మానేసేవాళ్ళుంటారు. ఆ దశలో రిపోర్టుని తేలిగ్గా తీసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. 'ఉన్నట్టుండి వచ్చింది', 'ఏళ్ళుగా ఉంది' అని ఊరి తెలుగులో చెబితే ఎవరికైనా అర్థమయ్యే తేడా ఇది. 'తీవ్ర' అనే పెద్దమాట దాన్ని మింగేసింది.

ఉద్దానం జబ్బు పేరులో ఇంకో మాట ఉంది, 'అన్‌నోన్'. కారణం తెలియనిది అని. ఇదీ తప్పుగా అర్థమవుతూ ఉంటుంది. 'అన్‌నోన్' అంటే కారణం లేనిది కాదు, ఇంకా తేలనిది. తెలియకపోవడానికీ లేకపోవడానికీ ఉన్న దూరం ఆ మండలాల్లో బతికేవాళ్ళకి చాలా పెద్దది.

తీరంలో ఇలాంటి మాటలు ఆకాశం నుంచి దిగుతాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి దగ్గర్లో తీరం దాటింది. పేపర్లో రెండూ తుపానులే. వాతావరణ శాఖ లెక్కలో మొదటిది 'వెరీ సివియర్ సైక్లోనిక్ స్టార్మ్', అంటే గంటకి 118 నుంచి 165 కిలోమీటర్ల గాలి ఉండే తరగతి. రెండోది వట్టి 'సైక్లోనిక్ స్టార్మ్', 62 నుంచి 88 కిలోమీటర్ల తరగతి. మామూలు ఇంగ్లిష్‌లో 'వెరీ' అంటే చాలా. బులెటిన్‌లో అది ఒక మెట్టు. వానకీ అంతే. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే 'హెవీ', 115.6 నుంచి 204.4 వరకు 'వెరీ హెవీ', అది దాటితే 'ఎక్స్‌ట్రీమ్లీ హెవీ'.

'అలర్ట్', 'వార్నింగ్' అన్న జంట అన్నిటికంటే ముఖ్యం. తెలుగులో రెండింటికీ 'హెచ్చరిక' అనే రాస్తున్నారు. 'సైక్లోన్ అలర్ట్' తీరంలో వాతావరణం పాడవడానికి కనీసం 48 గంటల ముందు వస్తుంది. 'సైక్లోన్ వార్నింగ్' కనీసం 24 గంటల ముందు వస్తుంది. భావనపాడులోనో బారువలోనో పడవ ఉన్నవాడికి మొదటిది సిద్ధం కమ్మని చెబుతుంది, రెండోది ఇక టైమ్ లేదని చెబుతుంది. రెండు మాటలకీ రెండు తెలుగు మాటలు ఖాయం చేసి, రేడియో నుంచి వాట్సాప్ దాకా అవే వాడితే ఎంతో మేలు. 'లైక్లీ' అనే మాటకీ ఇదే గతి పట్టింది. 'లైక్లీ' అంటే నూటికి 25 నుంచి 50 వరకు, 'వెరీ లైక్లీ' అంటే 50 నుంచి 75 వరకు, 'మోస్ట్ లైక్లీ' అంటే 75కి పైన అని వాతావరణ శాఖకి లెక్కుంది. తెలుగులో అన్నీ 'అవకాశం ఉంది' అయిపోతాయి. ఎన్నిచోట్ల వాన పడుతుందన్నదాన్ని మాత్రం తెలుగు బులెటిన్లు చక్కగా పట్టుకున్నాయి: ఒకటి రెండు చోట్ల, కొన్నిచోట్ల, అనేకచోట్ల, దాదాపు అన్నిచోట్లా. నాలుగు మెట్లు, నాలుగు మామూలు మాటలు. ఇలాంటి అనువాదమే కావాలి.

డబ్బు దగ్గర ఇంగ్లిష్ మాటలు దిక్కు చూపిస్తాయి. అప్పు అనే మాట ఒక్కటే, దాని పక్కన 'ఇవ్వడం', 'తీసుకోవడం' చేర్చి తెలుగు దిక్కు చెబుతుంది. ఇంగ్లిష్ ఆ దిక్కుని మాటలోనే కలిపేసింది. ఇస్తే 'లెండ్', తీసుకుంటే 'బారో'. 'కెన్ యూ బారో మీ ఫైవ్ హండ్రెడ్' అని అడిగితే వినేవాడు ఎటు చెయ్యి చాపాలో తెలియక నిలబడతాడు. అద్దె దగ్గరికొచ్చేసరికి ఇంగ్లిష్ కూడా తడబడుతుంది. 'రెంట్' అనే మాట ఇల్లుగలాయనకీ చెల్లుతుంది, అద్దెకున్నవాళ్ళకీ చెల్లుతుంది. అందుకే ఇచ్చేవైపు స్పష్టంగా చెప్పాలంటే 'రెంట్ అవుట్' అనాల్సి వస్తుంది.

బ్యాంకు కాగితాల్లో ఈ దిక్కు మాట చివరికి చేరుతుంది. 'మార్ట్‌గేజర్', 'మార్ట్‌గేజీ' అని రెండు పేర్లు కనిపిస్తాయి. బ్యాంకువాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి 'మార్ట్‌గేజర్' బ్యాంకే అని చాలామంది అనుకుంటారు. అది తలకిందులు. పొలం తాకట్టు పెట్టిన రైతు 'మార్ట్‌గేజర్', తాకట్టు పట్టిన బ్యాంకు 'మార్ట్‌గేజీ'. తాకట్టు పెట్టడం, తాకట్టు పట్టడం అని ఒక్క అక్షరం తేడాతో తెలుగు ఎంత అందంగా విడదీసిందో చూడండి. పని చేసేవాడికి 'అర్', ఆ పని ఎవరికి చేరుతుందో వాళ్ళకి 'ఈ'. చెక్కు మీద 'పేయీ' అంటే డబ్బు అందుకునేవాడు. కౌలు కాగితంలో 'లెస్సర్' పొలం ఇచ్చినవాడు, 'లెస్సీ' కౌలుకి చేసుకునేవాడు.

విజయనగరం జిల్లా జూట్ మిల్లుల చుట్టుపక్కల 'లాకౌట్', 'లేఆఫ్' అనేవి తెలుగు మాటలంత మామూలు. అక్కడ వాటి తేడా పెద్దగా చదువుకోని కార్మికుడికీ తెలుసు, ఎందుకంటే ఆ తేడా మీదే నెల జీతం ఆధారపడి ఉంటుంది. కార్మిక చట్టం ప్రకారం కరెంటు లేకనో, ముడిసరుకు లేకనో, యంత్రం పాడయ్యో యాజమాన్యం పని చూపించలేకపోతే అది 'లేఆఫ్'. మస్టరులో పేరు అలాగే ఉంటుంది, అర్హత ఉన్నవాళ్ళకి బేసిక్‌లోనూ డీఏలోనూ సగం పరిహారంగా రావాలి. యాజమాన్యమే తాత్కాలికంగా గేటు మూస్తే 'లాకౌట్'. పనిలోంచి తీసేస్తే 'రిట్రెంచ్‌మెంట్'. ఇప్పుడు అదే మిల్లు కార్మికుడి కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 'నాన్నా, మా కంపెనీలో లేఆఫ్ అంట' అని ఫోన్ చేస్తే, తండ్రి 'మళ్ళీ ఎప్పుడు తీస్తారు?' అని అడుగుతాడు. అమెరికా ఇంగ్లిష్‌లో ఇప్పుడు 'లేఆఫ్' అంటే సాధారణంగా ఉద్యోగం పోవడమే. మాట ఒకటే అయినా తండ్రి చెవిలో అది కొన్నాళ్ళ కష్టం, కొడుకు చెవిలో అది తెగిపోయిన దారి. రెండు మాటల మధ్యే కాకుండా ఒకే మాట లోపల కూడా ఇంత ఎడం ఉండొచ్చని దీనితో తెలుస్తుంది.

తెలుగు చూపించేంత తేడా ఇంగ్లిష్ చూపించలేని చోట్లూ ఉన్నాయి. 'మనం', 'మేం' రెండూ అక్కడ 'వి'. కారం, వేడి రెండూ 'హాట్'. బియ్యం, అన్నం రెండూ 'రైస్'. ధాన్యం కొనుగోలు కేంద్రం బోర్డు మీద ఉండే 'ప్యాడీ' కూడా మలయ్ భాష నుంచి తెచ్చుకున్న మాట. అలాంటిచోట తేడాని ఇంకో నాలుగు మాటలు కలిపి చెప్పుకోవాల్సిందే.

చివరగా 'డౌట్'. క్లాసులో 'సార్, డౌట్' అంటే ప్రశ్న ఉందని. మన దగ్గర అది తెలుగు మాటే అయిపోయింది, దానితో ఇబ్బంది లేదు. ఇబ్బంది పోలీసు ఫిర్యాదులో వస్తుంది. చేలో బోరు మోటారు పోయింది, పక్క ఊరి మనిషి మీద అనుమానం. ఫిర్యాదులో 'ఐ డౌట్ హి స్టోల్ ఇట్' అని రాస్తారు. దానికి అసలైన ఇంగ్లిష్ అర్థం 'అతను దొంగిలించాడని నేను అనుకోవడం లేదు' అని. రాసినవాడి ఉద్దేశానికి ఇది పూర్తిగా ఎదురు. రావాల్సింది 'సస్పెక్ట్'. రెండింటికీ పట్టికలో 'అనుమానం' అనే ఉంటుంది. తెలుగు వాక్యంలోకి తెస్తే అదే అనుమానం రెండుగా చీలుతుంది. 'అతనే తీశాడని అనుమానం' అంటే తీశాడనే నమ్మకం వైపు మొగ్గు, అది 'సస్పెక్ట్'. 'అతను తీశాడో లేదో అని అనుమానం' అంటే నమ్మకం కుదరడం లేదు, అది 'డౌట్'. స్థానిక స్టేషన్‌లో ఆ ఫిర్యాదు తీసుకునే రైటర్‌కి ఊరి ఇంగ్లిష్ అలవాటే కాబట్టి అర్థం చేసుకుంటాడు. అదే కాగితం కోర్టులో ఓ లాయర్ చేతికి వెళితే, 'ఇతను దొంగ కాడని మీరే రాశారు కదా' అనే ప్రశ్న రావచ్చు. కాగితం మీద పెన్ను పెట్టేముందు ఆ వాక్యం తెలుగులో ఒకసారి అనుకుని, నోటికి 'తీశాడని' వచ్చిందో, 'తీశాడో లేదో' వచ్చిందో చూసుకుంటే చాలు, ఏ మాట రాయాలో తేలిపోతుంది.